అనుభవించినవారి మాట

“ఇంటిగుట్టు లంకకు చేటు” అను సామెతను మన పిల్లలకు ప్రత్యేకముగా నేర్పనక్కరలేదు. ఇంటిలోని గాలితోనే అది వారికి పట్టుబడును. బిడ్డకు జ్వరము తగిలినచో నాలుగిండ్లవారికి చెప్పుదుము. వారు చెప్పిన కషాయములెల్ల కాచి పోయుదుము. ఆ బిడ్డయే పదునారేండ్ల ప్రాయమున నెలల తరబడి యెవ్వరితోను పలుకక, రాత్రులు నిదురింపక, ఎవరో తన్ను పిలుచుచున్నారని యులికిపడుచున్నచో, ఆ సంగతి వీధిగడప దాటకుండ కాపాడుటయే కుటుంబమర్యాద యనుకొందుము. పెండ్లి కావలసిన అక్క యున్నది. నలుగురు నాలుగు మాటలందురు. కాబట్టి తలుపు మూయుదుము. కాని యీ సామెతను పలుకువారు ఒక్క సంగతిని మరచుచున్నారు. విభీషణుడు గుట్టు బయటపెట్టుటకు ముందు నిండుసభలో నిలిచి చెప్పవలసిన మాటను చెప్పెను. విన్నవారు లేరు సరికదా, వెడలగొట్టిరి. లంకకు చేటు అప్పుడే మూడినది.

మనోవ్యాధిపాలైనవారును, వారి తలిదండ్రులును ఒకరికొకరు తోడుగా నిలుచుటకును, వైద్యుల యెదుటను పాలకుల యెదుటను తమ పక్షమును తామే వాదించుకొనుటకును నేర్చుకొనిన చరిత్ర యొకటి గలదు. దాని వయస్సు ఇంచుమించు 230 ఏండ్లు. అందధికభాగము ఫ్రాన్సు, ఇంగ్లండు, అమెరికా దేశములలో నడచినది. కడపటి ఘట్టములు మన దేశమునకును వచ్చినవి. ఈ చరిత్రను మొదటినుండియు ఒక చిక్కు వెంబడించుచున్నది. నోరెత్తలేని వాని పక్షమున మాటలాడవలసిన వారెవరు? వైద్యుడా? బంధువులా? లేక, కొంత యాలస్యముగానైనను, వాడేనా?

పారిసు నగరసమీపమున బిసేత్ర్ అను పెద్ద ఆశ్రయశాల యుండెడిది. దరిద్రులను, నేరస్థులను, మతిచెడినవారిని ఒక్కచోటనే త్రోసివైచిన స్థలమది. జాన్ బాప్టిస్టు ప్యుసెన్ అను తోళ్లు పదునుచేయువాడు యౌవనమున గండమాలతో అచ్చట చేరి, స్వస్థత కలిగిన పిదప ఇల్లు చేరక అచ్చటనే కొలువు కుదిరి, క్రమముగా ఉన్మాదుల విభాగమునకు అధికారి యయ్యెను. అతనిది మనోవ్యాధి కాదు. అయినను ఆ గోడల నడుమ రోగియై పడియుండుట యెట్టిదో అతడెరుగును. రోగులను కొట్టరాదని సేవకులకు కట్టడిచేసెను. కోలుకొనినవారిని, కోలుకొనుచున్నవారిని ఏరి సేవకులుగా నియమించుకొనెను. వారు రోగులయెడ క్రూరముగా ప్రవర్తింపరనియు, రోగి యేల కేకలువేయుచున్నాడో వారికి కొంత తెలియుననియు అతని యనుభవము. 1793లో ఫిలిప్ పినెల్ అను వైద్యుడు అచ్చటికి వచ్చి, ఈ యధికారివద్ద తాను నేర్చినది మిక్కుటమని గ్రంథస్థము చేసెను. బిసేత్రులో ఇనుపగొలుసులను తీయించినది 1797లో ప్యుసెన్. అప్పటికి పినెల్ వేరొక ఆసుపత్రికి పోయియుండెను. కాని 1876లో తోనీ రోబేర్ ఫ్లరీ చిత్రించిన ప్రసిద్ధమైన పటమున గొలుసులు విప్పించుచు గంభీరముగా నిలిచినవాడు పినెలే. తోళ్లు పదునుచేయువానితో పటము రక్తికట్టదు కాబోలు!

వైద్యుడు మంచివాడైనచో కీర్తి ఆయనకు పోయినను నష్టములేదు. బంధువులే ప్రతికూలురైనప్పు డేమిగతి? ఇంగ్లండు ప్రధానమంత్రి స్పెన్సరు పెర్సివల్ 1812లో పార్లమెంటు భవనమునందే కాల్చి చంపబడెను. ఆయన కుమారులలో నొకడగు జాన్ పెర్సివల్ సేనలో నుద్యోగించి, పిమ్మట మతి చలించి, 1831లో అన్నగారిచేత బ్రిస్టలు సమీపమునందలి యొక ఖాసగీ ఉన్మాదాలయమున చేర్పబడెను. 1834 వరకు అతనికి విడుదల లేదు. తన కథను అతడు 1838లోను 1840లోను రెండు సంపుటములుగా ప్రకటించెను. తనకు మతి చెడలేదని అతడు వాదింపలేదు. చెడినమాట నిజమేనని యొప్పుకొనెను. చెడినవానికిని మాన మర్యాద లుండుననియు, వానిని నీళ్లలో ముంచుటకును కట్టివేయుటకును ముందు వానితో ఒక్కమాటయైన చెప్పవలెననియు మాత్రమే అతని మొర. ఈ మొరలో నేను గొప్ప తర్కమును చూచుచున్నాను. పిచ్చివాడు కానివానిని బంధించుట అన్యాయమని చెప్పుట సులభము; పిచ్చివానికిని న్యాయము కలదని చెప్పుటకు గుండె కావలెను. 1845లో అతడును అతనివంటి మరికొందరును లండనులో నొక సంఘమును స్థాపించి, ఆలయములలో చిక్కినవారికి న్యాయసహాయము చేసిరి. 1859లో పార్లమెంటు ఉపసంఘము నెదుట సాక్ష్యమిచ్చుచు, రాణిగారి రాజ్యమందలి పిచ్చివారందరికిని తానే సర్కారువకీలునని అతడు చెప్పుకొనెను. ఆ పదవి కెవ్వరును జీత మీయలేదు.

ఆ మరుసటి యేడే అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రమున మతబోధకుడగు థియోఫిలస్ పాకార్డు తన భార్య యెలిజబెత్తును జాక్సన్‌విల్లు ఉన్మాదాలయమునకు పంపెను. ఆమె ఆరుగురు బిడ్డల తల్లి. భర్తగారి చర్చిలో బైబిలు తరగతియందు భర్త బోధించు సిద్ధాంతములకు విరుద్ధముగా మాటలాడినదనుట ఆమె ముఖ్యాపరాధము. దీనికి చట్టమును తోడుగా నుండెను. 1851 నాటి ఆ రాష్ట్రపు శాసనము ప్రకారము, ఇతరులను చేర్చుకొనుటకు కావలసిన సాక్ష్యము వివాహితస్త్రీల విషయమునను మైనరు బిడ్డల విషయమునను అక్కరలేదు. స్త్రీకి భర్తయు, బిడ్డకు సంరక్షకుడును కోరి, ఆసుపత్రి యధికారి తలయూచినచో చాలును. చదువరు లీ జతను గమనింపవలెను. భార్యను, బిడ్డను శాసనకర్తలు ఒక్క వాక్యమున నిమిడ్చిరి. ఇద్దరికిని సొంతమాట లేదు. ఉన్నను లెక్కకు రాదు.

మూడేండ్లు గడచిన పిమ్మట 1863లో ఆమెను ఇంటికి పంపివేసిరి. భర్త ఆమెను ఒక గదిలోనుంచి కిటికీలకు మేకులు కొట్టించెను. ఆమె యెట్లో ఒక జాబును బయటికి జారవిడిచెను. అది స్నేహితుల చేతబడి, న్యాయాధిపతివరకు పోయెను. 1864 జనవరిలో విచారణ జరిగెను. ఆమెకు మతి సరిగానున్నదని తీర్పుచెప్పుటకు జూరీకి పట్టిన కాలము ఏడు నిమిషములు. ఆమె యిల్లు చేరునప్పటికి ఇల్లు అన్యుల పాలైయుండెను. భర్త బిడ్డలను, సామగ్రిని తీసికొని మసాచుసెట్సునకు వెడలిపోయెను. అటు పిమ్మట ఆమె చేసిన పనియే మన కిచ్చట ముఖ్యము. ఆలయములో తాను చూచినదానిని వ్రాసి, అచ్చొత్తించి, తానే ఇంటింటికి తిరిగి యమ్ముకొని బ్రదికెను. శాసనసభ్యుల నొక్కొక్కరిని కలిసికొని మాటలాడెను. ఎవరికి ఏ మాట చెప్పవలెనో, ఏ మాట మానవలెనో ఆమెకు నేర్పిన బడిలేదు. తిరుగగా తిరుగగా తెలిసినది. 1867లో ఇల్లినాయ్ రాష్ట్రము జూరీ విచారణ లేక యెవ్వరిని నిర్బంధింపరాదని శాసించెను. ఆ శాసనమున లోపములు లేకపోలేదు; నిజముగా వ్యాధిగ్రస్తులైనవారు నేరస్థులవలె జూరీ యెదుట నిలువవలసివచ్చెను. అయినను తాను పడినదానిని చట్టముగా మార్చిన రోగులలో ఆమె మొదటిపంక్తిలోనిది. 1869లో ఆమెకు బిడ్డలు తిరిగి దక్కిరి.

క్లిఫర్డు బీర్సు సంగతి ప్రసిద్ధమే కాన సంక్షేపించెదను. యేల్ విశ్వవిద్యాలయ పట్టభద్రుడగు ఇతడు 1900లో ఇంటి కిటికీనుండి దుమికి, మూడేండ్లు ఆసుపత్రులలో గడిపి, 1908లో తన యాత్మకథను ప్రకటించి, మరుసటి సంవత్సరమున మానసికారోగ్యమునకై జాతీయసంఘమును నెలకొల్పెను. ఆ సంఘము పెద్దదైనకొలది వైద్యులును, ఆచార్యులును, దాతలును అందు నిండిరి. పూర్వరోగులకు పీటలు తగ్గిపోయెను. రోగి స్థాపించిన సంఘమే రోగిని మరచుట యీ చరిత్రలో పలుమారు కానవచ్చును.

పైకథలలో బంధువులే ప్రతిపక్షులు. కాని తలిదండ్రులందరును థియోఫిలసులు కారు. ఇరువదవ శతాబ్దపు నడిమికాలమున వారికి జరిగిన యన్యాయమును చెప్పక విడుచుట ధర్మముకాదు. 1948లో ఫ్రీడా ఫ్రామ్-రైకుమన్ అను వైద్యురాలు, స్కిజోఫ్రెనియా వ్యాధికి తల్లి స్వభావము కారణమనునట్టి పేరొకటి కల్పించెను. 1967లో బ్రూనో బెటెల్‌హీమ్ ఆటిజము గల శిశువులు తల్లుల ప్రేమరాహిత్యమువలన అట్లైరని పెద్దగ్రంథము వ్రాసెను. ఇట్టి సిద్ధాంతములకు శాస్త్రీయమైన యాధారము లేదని తరువాత తేలినది. కాని యీలోపల ఎందరు తల్లులు వైద్యునిగదిలో ముద్దాయిలై కూర్చుండిరో! రోగి బిడ్డను చేయిపట్టుకొని సహాయమునకు వచ్చిన తల్లిని చూచి, రోగము నీవే తెచ్చితివని చెప్పు శాస్త్రము ఒకనాడు శాస్త్రముగా చెలామణి యయ్యెను. మన యత్తవారిండ్లలో కోడలి కొచ్చు నిందను ఆ దేశమున పండితులు పట్టాపుచ్చుకొని వేసిరి, అంతే భేదము.

ఈ నిందనుండి తలిదండ్రులను తప్పించినది తలిదండ్రులే. బెర్నార్డు రిమ్లాండు అను మనస్తత్త్వవేత్త ఆటిజము గల బిడ్డకు తండ్రి. అతడు 1964లో గ్రంథము వ్రాసి తల్లులపై మోపిన నేరమును ఖండించి, 1965లో తలిదండ్రుల సంఘమును స్థాపించెను. విస్కాన్సిన్ రాష్ట్రమందలి మాడిసన్ పట్టణమున హారియెట్ షెట్లర్, బెవర్లీ యంగ్ అను ఇద్దరు తల్లులు, ఇద్దరికిని స్కిజోఫ్రెనియా గల కుమారులు, 1977లో ఒకనాడు కలసి భోజనముచేయుచు తమ కష్టమును చెప్పుకొనిరి. వారు కూర్చిన చిన్నగుంపు 1979లో జాతీయసంఘముగా పరిణమించెను. ఆ సంఘమున జాయిస్ బర్లండ్ అను విదుషి 1991లో కుటుంబములకై 12 వారముల పాఠక్రమమును రచించెను; పిమ్మట దానిని 8 పాఠములకు తగ్గించిరి. దానిని బోధించువారు వైద్యులు కారు. శిక్షణపొందిన తలిదండ్రులు, అన్నదమ్ములు, భార్యాభర్తలు. మందు ఏమి చేయునో, ఏమి చేయదో. అర్ధరాత్రి బిడ్డ తలుపు తీసికొని పోయినచో ముందెవరిని పిలువవలెనో. కోపములేక కాదనుట యెట్లో. అధికారిని కలిసికొన్నప్పుడు ఏడ్వక, అరవక, కావలసినదానిని అడుగుట యెట్లో అందు నేర్పుదురు. ఏడ్చుట తప్పని కాదు. ఏడ్చినతల్లికి ఓదార్పు దొరకును గాని ఉత్తరువు దొరకదు.

అమెరికాలో ఇట్టి శిక్షణకు ప్రభుత్వధనము దొరకిన తీరు వింతగా నుండును. బుద్ధిమాంద్యము గల బిడ్డల తలిదండ్రుల సంఘమొకటి తమ బిడ్డలకు బడి తలుపులు మూసినందులకు పెన్సిల్వేనియా రాష్ట్రముపై దావావేసి, 1971లో రాజీమీద గెలిచెను. ఆ గెలుపు 1975 నాటి విద్యాశాసనమునకు దారితీసెను. దానివలన అట్టి ప్రతిబిడ్డకును ప్రత్యేకముగా నొక విద్యాప్రణాళిక వ్రాయవలెను. వ్రాయునప్పుడు తలిదండ్రులును కూర్చుండవలెను. కూర్చుండిరి; కాని బల్లకు అవతలివైపున ఉపాధ్యాయులు, మనస్తత్త్వజ్ఞులు, అధికారులు; ఇవతల ఒక్క తల్లి. హక్కు కాగితముమీద నున్నది, మాట గొంతులోనే యున్నది. ఇట్లు లాభములేదని తెలిసి, 1983లో ఆ శాసనమును సవరించినప్పుడు తలిదండ్రులకు శిక్షణనిచ్చు కేంద్రములకు ధనమిచ్చు నేర్పాటును చేర్చిరి. హక్కునిచ్చినవారే దానిని వాడుకొనుట నేర్పించు ఖర్చునుకూడ భరించిన సందర్భములు చరిత్రలో పెక్కులేవు.

మనోవ్యాధిగల బిడ్డల పాట్లు ఇంకను దయనీయములు. జేన్ నిట్జర్ 1982లో ప్రకటించిన పరిశోధనలో, తీవ్రమైన మనోవ్యథగల 30 లక్షల బిడ్డలలో మూడింట రెండువంతుల మందికి తగిన సహాయము లేదని తేల్చెను. 1984లో ప్రభుత్వ మొక కార్యక్రమమును పెట్టెను. 1989లో తలిదండ్రులు తమ జాతీయ సమాఖ్యను స్థాపించుకొనిరి. అయినను ఒక దుర్నీతి యట్లే నిలిచెను. ఖరీదైన చికిత్సను భరింపలేని తలిదండ్రులు, బిడ్డపై తమకుగల సంరక్షణాధికారమును ప్రభుత్వమునకు వదలుకొన్నచో, అప్పుడు ప్రభుత్వ మా చికిత్సను చేయించును! బిడ్డను కొట్టినవారు కారు, తిట్టినవారు కారు. వైద్యము కావలెనన్నచో బిడ్డను కోల్పోవలెను. అమెరికా కాంగ్రెసునకు లోబడిన తనిఖీ కార్యాలయము 2003లో ప్రకటించిన నివేదికనుబట్టి, 2001వ సంవత్సరమున కేవలము మానసికవైద్యము కొరకు తలిదండ్రులు శిశుసంక్షేమశాఖకో బాలనేరస్థుల శాఖకో అప్పగించిన బిడ్డల సంఖ్య 12,700కు మించినది. 19 రాష్ట్రములును 30 జిల్లాలును చెప్పిన లెక్క మాత్రమే యిది. ఈ సంగతిని లోకమునకు తెలిపినవారు కాగితముమీద సంతకముపెట్టి బిడ్డను వదలిన తల్లులు. వారు సిగ్గుపడి యూరకున్నచో ఆ యంకె యే నివేదికకును ఎక్కకపోవును.

ఇంతవరకు తలిదండ్రుల పక్షము చెప్పితిని. రోగుల పక్షమువారు దీనిని పూర్తిగా నొప్పుకొనరు. జూడీ ఛాంబర్లిన్ అను ఆమె 1966లో గర్భస్రావానంతరము విషాదమున మునిగి ఆసుపత్రిలో చేరి, అచ్చట తన యిష్టమునకు విరుద్ధముగా నిర్బంధింపబడెను. ఆమె 1971 ప్రాంతమున పూర్వరోగుల యుద్యమమున చేరి, 1978లో గ్రంథము వ్రాసి, రోగులే నడుపుకొను సహాయసంస్థలు కావలెనని వాదించెను. తల్లి కోరునది బిడ్డ క్షేమము. బిడ్డ కోరునది స్వేచ్ఛ. ఈ రెండును ఒక్కటే యని సభలలో చెప్పవచ్చును గాని, ఇంటిలో అర్ధరాత్రి అవి యొక్కటి కావు. తల్లుల సంఘము బలవంతపు చికిత్సకు కొన్నియెడల సమ్మతించినది. పూర్వరోగుల సంఘములు దానిని తీవ్రముగా నెదిరించినవి. ఇద్దరిలో నెవరు అబద్ధమాడుచున్నారు? ఎవ్వరును కారు. అందుచేతనే ఒకరి మాటను మరియొకరి నోట పెట్టరాదు.

యువజనుల విషయమున నీ భేదము మరింత సూక్ష్మము. బాలుడు నిన్నటివరకు తల్లిచాటు బిడ్డ; రేపు స్వతంత్రుడు. తల్లి సభలో లేచి తన కుమారుడు స్నానము మానిన సంగతియు, పోలీసులు వచ్చిన సంగతియు చెప్పుచున్నప్పుడు వినువారి కన్నులు చెమర్చును. వెనుకవరుసలో ఆ కుమారుడు కూర్చున్నచో వాని కెట్లుండును? మంచి శిక్షణాశిబిరములలో నిప్పుడు దీనిని మొదటిపాఠములలోనే చెప్పుదురు: నీ కథ నీది, నీ బిడ్డ కథ నీ బిడ్డది, నీ భయమును, నీ యలసటను నీవు చెప్పుము, వాని సంగతి వాని యనుమతితో చెప్పుము. యువకులకును వేరుగా తరగతులున్నవి. అందు ఒకప్పుడు ఆసుపత్రిలో నున్నవాడే నేడు ఆసుపత్రినుండి వచ్చిన కుర్రవానికి తోడై, బడికి తిరిగి పోవుటెట్లో, స్నేహితులకు ఏమి చెప్పవలెనో, వైద్యునితో ఈ మందువలన నాకు నిదుర హెచ్చుచున్నదని చెప్పుటెట్లో నేర్పును. ఇది చిన్నపనివలె కానవచ్చును. కాని వైద్యునియెదుట తల్లి మాటలాడుచుండగా తలవంచుకొని కూర్చుండు కుర్రవాండ్రను చూచినవారికి దీని విలువ తెలియును. 1999లో జార్జియా రాష్ట్రము ఇట్టి తోటి సహాయకుల పనిని బీదల వైద్యసహాయ పథకమగు మెడికెయిడ్ క్రింద జీతముగల యుద్యోగముగా గుర్తించినది. 2007లో కేంద్రప్రభుత్వము శిక్షణ, పర్యవేక్షణ మొదలైన నియమములను విధించినది. 2013లో తలిదండ్రులకు తలిదండ్రులు చేయు సహాయమును గూడ దీనిక్రిందికి తెచ్చినది. పెర్సివల్ దొరకు దొరకని జీతము ఈ విధముగా వచ్చినది.

మన దేశమున ఈ చరిత్ర వేరుదారిని నడచెను. 1912 నాటి ఉన్మాదుల శాసనము బంధువు అర్జీపెట్టినచో మేజిస్ట్రేటు ఉత్తరువుతో రోగిని బంధించుటకు మార్గమిచ్చెను. అయినను ఆసుపత్రిలో చేర్చి మరచిపోవుట మన కుటుంబముల స్వభావము కాదని 1950 దశకమున అమృతసరులో డాక్టరు విద్యాసాగర్ రుజువుచేసెను. ఆసుపత్రి కిక్కిరిసియున్నది, వైద్యులు చాలరు. ఆయన ఆవరణలో గుడారములు వేయించి, కుటుంబములను రోగులతో నుండనిచ్చి, ప్రతిదినము అందరిని కూర్చుండబెట్టి వ్యాధి యెట్టిదో చెప్పుచువచ్చెను. కోలుకొనిన వారిని చూచి క్రొత్తగా వచ్చినవారు ధైర్యము తెచ్చుకొనిరి. ఒకరి బంధువు మరియొకరి బంధువునకు గురువయ్యెను. వెల్లూరులో 1957లో స్థాపింపబడిన మానసికవైద్యశాలయందును రోగితో నొక బంధువు నుంచుట ఆచారమయ్యెను. ఇట్టివాటిని చూచి మనకు గర్వము కలుగుట సహజము. కాని 2001 ఆగస్టు 6వ తేదీన తమిళనాడునందలి యేర్వాడిలో, దర్గా సమీపమున గొలుసులతో కట్టబడిన 28 మంది మనోరోగులు పాక కాలి మరణించిరి. వారికిని కుటుంబము లుండెను. ఆ కుటుంబములు దుర్మార్గములని నేననను. వారికి చెప్పినవారు లేరు, వారు చెప్పుకొన్న విన్నవారు లేరు.

తెలుగుదేశమున 1984లో సికింద్రాబాదునందు స్థాపింపబడిన జాతీయ బుద్ధిమాంద్య సంస్థ, తలిదండ్రులకు శిక్షణనిచ్చుటను తన పనిలో భాగముగా చేసికొనెను. బుద్ధిమాంద్యము మనోవ్యాధి కాదు. రెంటిని కలుపుట లోకపు పొరపాటు. కాని తలిదండ్రుల నోరు తెరపించుటలో ఆ బిడ్డల కుటుంబములే మనలో ముందు నడచినవి. 1995లో వారి సంఘములు ‘పరివార్’ అను జాతీయసమాఖ్యగా నేర్పడెను. 1999 నాటి జాతీయ న్యాస శాసనమున తలిదండ్రుల సంఘములనుండి ముగ్గురిని, వికలాంగుల సంఘములనుండి ముగ్గురిని వేరువేరుగా తీసికొనవలెనని వ్రాసిరి. ఈ వేరుచేయుటలో నే నెంతయో వివేకమును చూచుచున్నాను. 2014లో గుజరాతునందలి ప్రభుత్వ మానసికవైద్యశాలలలో ప్రపంచారోగ్యసంస్థ పద్ధతి ననుసరించి కోలుకొనినవారికి తోటి సహాయకులుగా శిక్షణ నిచ్చిరి.

తుదకు 2017 నాటి మానసికారోగ్య శాసనము వచ్చెను. అది 2018 మే నెలనుండి అమలులో నున్నది. గొలుసులతో బంధించుటను అది యే రూపమునను నిషేధించినది. రోగుల ఫిర్యాదులను వినుటకు ఏర్పడు సమీక్షామండలులలో ఇద్దరు సభ్యులు మనోవ్యాధి ననుభవించినవారో, వారిని చూచుకొనువారో, వారి పక్షమున పనిచేయు సంస్థలవారో కావలెనని చెప్పినది. ఆ పీటమీద జిల్లా న్యాయాధిపతియు, వైద్యులును పక్కన కూర్చుండగా కడపనుండియో కరీంనగరమునుండియో వచ్చిన యొక తల్లి యేమి మాటలాడును? ఒకప్పుడు ఆసుపత్రిలో నున్న యువకుడు ఏమి మాటలాడును? ముందు మరియొక తల్లివద్ద, మరియొక యువకునివద్ద నేర్చుకొనియుండనిచో వారు తలయూచి వత్తురు. ఆ తలయూపునకు భత్యము మాత్రము దొరకును.

ఈ శాసనముననే మరియొక చిన్నయేర్పాటు గలదు. మైనరునకు సంరక్షకుడే ప్రతినిధి. ఆ సంరక్షకుడు బిడ్డ మేలు కోరనివాడైనచో మండలి మరియొకరిని నియమింపవచ్చును. పదునెనిమిదేండ్లు నిండిన పిమ్మట రోగి తనకు నచ్చినవారిని ప్రతినిధిగా తానే కోరుకొనవచ్చును. దానికి స్టాంపు కాగితము అక్కరలేదు. తెల్లకాగితముమీద వ్రాసి, సంతకమో వ్రేలిముద్రయో వేసినచో చాలును. ఆ కాగితమున తల్లి పేరు వ్రాయవచ్చును, స్నేహితుని పేరు వ్రాయవచ్చును. మనసు మారినప్పుడు మరియొక కాగితమున పేరు మార్చవచ్చును.